నాన్న ఆరో బోరు వేయిస్తానంటున్నాడు. భూమి కింద నీళ్ళు ఇంకెన్నాళ్ళు వస్తాయి?

కదిరి_కుర్రాడు

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిక పట్టండి.

మాది కదిరి దగ్గర పల్లె. ఆరెకరాల చేను, అందులో రెండెకరాల చీనీ (బత్తాయి) తోట. నేను బెంగళూరులో ఉద్యోగం. పోయిన శనివారం నాన్న ఫోన్ చేసి "లోను తీసుకుని ఇంకో బోరు వేయిద్దాం, వెయ్యి అడుగులైనా సరే" అన్నాడు. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

ఇప్పటికి ఐదు వేయించాం. మొదటిది 1998లో. 180 అడుగులకే రెండించుల నీళ్ళు పడ్డాయి. అమ్మ టెంకాయ కొట్టింది, పిల్లలమంతా ఆ బురద నీళ్ళలో తడిసి ముద్దయ్యాం. రెండోది 320 అడుగులు. మూడోది 450. నాలుగోది 700 అడుగులు పోయినా దుమ్ము తప్ప ఏమీ రాలేదు. రాత్రంతా బండి నడిచింది, తెల్లారేసరికి చేను మీద, చెట్ల మీద, నాన్న తల మీద తెల్లటి రాతిపొడి. ఐదోది 2019లో, 900 అడుగులు. మొదట్లో ఇంచున్నర పోసింది. ఇప్పుడు ఇరవై నిమిషాలు పోసి గాలి కొడుతోంది. గంట ఆపి మళ్ళీ వేయాలి.

రోజూ పొద్దున మోటారు వేసే ముందు నాన్న కేసింగ్ పైపుకు చెవి ఆనించి వింటాడు. ఏం వినిపిస్తుందో నాకు తెలియదు. కానీ ఆయన ముఖం చూస్తే ఆ రోజు నీళ్ళెన్నో తెలిసిపోతుంది.

మా ఊళ్ళో అందరిదీ ఇదే కథ. నా ప్రశ్న ఒక్క బోరు గురించే కాదు. మనం భూమిలోంచి తీస్తున్నంత నీళ్ళు భూమికి తిరిగి చేరుతున్నాయా? చేరకపోతే మా ఊరి లాంటి ఊళ్ళ గతి ఏమిటి?

రాతిపొర

తమ్ముడూ, నేను పాతికేళ్ళు భూగర్భ జలాల పనిలోనే ఉన్నాను. ముందు మీ ఇంటి సంగతికి వస్తా. వెయ్యి అడుగుల బోరు వద్దు. ఎందుకో చెప్తా.

మన రాయలసీమలో, తెలంగాణలో చాలా భాగం కింద ఉన్నది గట్టి గ్రానైటు లాంటి రాయి. కోస్తాలో ఇసుక పొరల్లోలాగా ఈ రాతిలో నీళ్ళు నిండి ఉండవు. పైన అరవై, ఎనభై అడుగుల దాకా రాయి మెత్తబడి మొరంగా ఉంటుంది. వాన నీటిని స్పంజిలాగా పట్టుకునేది ఆ పొరే. మన తాతల బావులన్నీ ఆ లోతులోనే ఉండేవి. దాని కింద గట్టి బండ, ఆ బండలో అక్కడక్కడా పగుళ్ళు. బోరు ఆ పగులుకు తగిలితే జల పడింది అంటాం. లోతుకు పోయే కొద్దీ పగుళ్ళు తగ్గిపోతాయి, ఉన్నవి కూడా సన్నబడతాయి. 900 అడుగుల దగ్గర తగిలిన నీళ్ళు ఎక్కువగా పైనుంచి ఏళ్ళ తరబడి దిగినవి. ఒకసారి తోడేస్తే మళ్ళీ నిండడానికి మన జీవితకాలం చాలకపోవచ్చు.

ఇంకో మాట. మీ కొత్త బోరులో నీళ్ళు పడినా, చాలాసార్లు అవి పక్క చేను బోరులోకి పోవలసినవే. ఒకే పగులుకు పది గొట్టాలు పెట్టి పీలుస్తున్నాం.

ఇక లెక్క. మీ ప్రాంతంలో ఏడాదికి వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఎకరం మీద అంత వాన పడితే సుమారు 22 లక్షల లీటర్లు. గట్టి రాతి నేలల్లో అందులో పదో వంతు భూమిలోకి ఇంకితే గొప్ప. అంటే ఎకరానికి 2.2 లక్షల లీటర్లు. ఏడాది మొత్తానికి భూమి మనకిచ్చే జీతం అంతే. రబీలో ఎకరం వరికి పెట్టే నీళ్ళు సుమారు 48 లక్షల లీటర్లు. ఒక్క ఎకరం వరి ఇరవై రెండెకరాల ఇంకుడును తాగేస్తుంది.

యాసంగి_రైతు

రాతిపొర గారూ, మీ లెక్క మీద నాకు గౌరవం ఉంది. కానీ ఒక మాట వదిలేశారు. మడిలో పెట్టిన నీళ్ళన్నీ ఆవిరైపోవు. కొంత మళ్ళీ కిందికే దిగుతుంది. అది కూడా చెప్పాలి కదా.

నాది సిద్దిపేట దగ్గర. నాలుగెకరాలు, యాసంగిలో రెండెకరాలు వరి పెడతా. అందరూ మమ్మల్నే తిడతారు, "వరి ఎందుకు పెడతావు" అని. వరి అయితే కొనే కేంద్రం ఉంది, ధర ఇంత అని ముందే తెలుసు. కోతకు మిషను వస్తుంది. ఒక ఏడు కందులు పెట్టిన. అమ్మడానికి మూడు రోజులు మార్కెట్లో సంచుల మీద పండుకున్న, ఆఖరికి వ్యాపారి చెప్పిన రేటుకే ఇచ్చి వచ్చిన. ఇద్దరు ఆడపిల్లల ఫీజులు కట్టాలె. నీళ్ళు మిగిల్చితే నాకు ఎవరు పైసలిస్తారు? నేను ఆపితే పక్కాయన తోడుకుంటడు.

రాతిపొర

మీరన్నది నిజమే. మడి నీళ్ళలో కొంత తిరిగి దిగుతుంది. సగం దిగుతుందనుకున్నా, ఎకరం వరికి పదకొండెకరాల ఇంకుడు కావాలి. ఊళ్ళో నూరెకరాలు వరి ఉంటే పదకొండు వందల ఎకరాలు. ఊరి మొత్తం విస్తీర్ణం అంత ఉంటుందా చూసుకోండి.

మీ చివరి మాట మాత్రం నేను కొట్టిపారేయలేను. "నేను ఆపితే పక్కాయన తోడుకుంటాడు". అసలు చిక్కంతా అక్కడే ఉంది. 1882 నాటి చట్టం ప్రకారం భూమి ఎవరిదో దాని కింద నీళ్ళు తోడుకునే హక్కు వాళ్ళది. గట్లు మనం పైన వేసుకున్నాం గానీ కింద నీళ్ళకు గట్లు లేవు. 2002లో మనకు వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం వచ్చింది, కొత్త బోరుకు అనుమతి కావాలి, బోరుకూ బోరుకూ దూరం ఉండాలి. ఆ అనుమతి అడిగి బోరు వేసినవాళ్ళు మీ ఊళ్ళో ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు.

లబ్బక్_నుంచి

నేను టెక్సస్‌లో లబ్బక్ దగ్గర ఉంటాను, సొంతూరు పులివెందుల వైపు. ఇది చదువుతుంటే మా ఊరూ ఈ ఊరూ ఒకటే అనిపిస్తోంది.

ఇక్కడ భూమి కింద ఒగలాలా అని పెద్ద నీటి పొర ఉంది. దక్షిణ డకోటా నుంచి టెక్సస్ దాకా ఎనిమిది రాష్ట్రాల కింద పరుచుకుని ఉంది. వేల ఏళ్ళలో చేరిన నీళ్ళు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పెద్ద పంపులు వచ్చాయి, ఇక తోడడమే. మేమున్న దక్షిణ భాగంలో కొత్తగా ఇంకేది చాలా తక్కువ. టెక్సస్‌లో కూడా 1904 నాటి కోర్టు తీర్పు ప్రకారం ఎవరి నేల కింద నీళ్ళు వాళ్ళు తోడుకోవచ్చు. ఇక్కడ పత్తి చేల మీదుగా కారులో వెళ్తుంటే, ఒకప్పుడు గుండ్రంగా తిరుగుతూ నీళ్ళు చల్లిన పొడవాటి ఇనుప యంత్రాలు కొన్ని చోట్ల తుప్పు పట్టి అలాగే నిలబడి ఉంటాయి. వాటి కింద ఇప్పుడు వానను నమ్ముకున్న సాగే.

అయితే కాన్సాస్‌లో ఒక మంచి పని జరిగింది, అది చెప్పాలనే రాస్తున్నా. అక్కడ షెరిడన్ అనే కౌంటీ వైపు రైతులే కూర్చుని, 2013 నుంచి ఐదేళ్ళ పాటు 20 శాతం తక్కువ తోడాలని కట్టు పెట్టుకున్నారు. ప్రభుత్వం దానికి చట్టబద్ధత ఇచ్చింది. అనుకున్నదాని కంటే ఎక్కువే తగ్గించారు. మొక్కజొన్న కొంత తగ్గించి జొన్న, గోధుమ వేశారు. దిగుబడి కొంచెం తగ్గినా ఖర్చు కూడా తగ్గింది కాబట్టి నష్టపోలేదు. గడువు అయ్యాక మళ్ళీ పొడిగించుకున్నారు. జొన్న! మనం ఎప్పుడో వదిలేసిన జొన్న.

ఉప్పల్_అపార్ట్‌మెంట్

రైతుల మధ్యలో నేను మాట్లాడొచ్చో లేదో. మాది హైదరాబాద్. ఎనభై ఫ్లాట్లు, రెండు బోర్లు. మార్చి వస్తే రెండూ ఎండిపోతాయి. ట్యాంకర్ డ్రైవర్‌ని అడిగాను, నీళ్ళు ఎక్కడివి బాబూ అని. ఊరవతల ఒక రైతు బోరు నుంచి అట. ఆయన పంట పెట్టడం మానేసి నీళ్ళే అమ్ముతున్నాడట. ఆ మాట విన్న రోజు నాకు ముద్ద దిగలేదు. మా బాత్రూముల్లో పోతున్నది ఒక ఊరి నీళ్ళు.

1908లో మూసీ వరద తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టి ఈ ఊరికి నీళ్ళిచ్చారు. తర్వాత మంజీరా, ఆ తర్వాత కృష్ణా, ఆ తర్వాత గోదావరి. ప్రతిసారీ ఇంకాస్త దూరం పోయి తెచ్చుకున్నాం తప్ప మన వాడకం ఎంత అని ఒక్కసారీ అడగలేదు. మా అపార్ట్‌మెంట్లో పోయిన ఏడాది ఫ్లాటుకొక మీటరు పెట్టించాం. పెట్టించడానికి ఆరు నెలలు గొడవ. పెట్టిన రెండు నెలల్లో ట్యాంకర్లు రోజుకు ఏడు నుంచి నాలుగుకు తగ్గాయి. కొత్త నీళ్ళేమీ రాలేదు, ఎవరెంత వాడుతున్నారో కనిపించింది, అంతే.

చుక్కా_చుక్కా

2025లో జూలై 24ను భూమి హద్దు దాటిన రోజుగా లెక్కగట్టారు. ఏడాది మొత్తంలో ప్రకృతి తిరిగి పుట్టించగలిగినదంతా మనుషులు ఆ రోజుకే వాడేశారని అర్థం. మిగతా ఐదు నెలలు అప్పు మీద బతుకు. మన బోర్లు ఆ అప్పులో ఒక పద్దు.

ఇంకో అంకె. మన దేశం ఏడాదికి తోడే భూగర్భ జలం 2024 లెక్కల ప్రకారం 245 బిలియన్ ఘనపు మీటర్లు. మన భాషలో చెప్పాలంటే 8,600 టీఎంసీలకు పైన. నిండు నాగార్జునసాగర్లు ఇరవై ఏడు. ప్రపంచం మొత్తం తోడే దానిలో దాదాపు పావు వంతు మనదే. దేశ సగటు చూస్తే ఇంకే దానిలో 60 శాతమే వాడుతున్నాం అని ఉంటుంది. ఆ సగటు చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. బ్రహ్మపుత్ర పక్కన మిగిలిన నీళ్ళు కదిరి బోరులోకి రావు.

డ్రిప్ పెట్టుకోవచ్చు కదా? సగం నీళ్ళు ఆదా అవుతాయి.

కదిరి_కుర్రాడు

డ్రిప్ ఉంది అన్నా, పన్నెండేళ్ళ నుంచి. మా ఊళ్ళో సగం మందికి ఉంది. నిజం చెప్తా. డ్రిప్ రాకముందు నాన్నకు ఎకరం చీనీ ఉండేది. నీళ్ళు మిగిలాయని ఇంకో ఎకరం పెట్టాడు. పక్కాయన మూడెకరాలు పెట్టాడు. మిగిలిన నీళ్ళు భూమిలో ఉండలేదు.

యాసంగి_రైతు

మా దగ్గర కూడా గంతే. ఇంకోటి ఆటో స్టార్టర్లు. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటారు దానంతటదే నడిచేది, మనిషి ఇంట్లో నిద్రలో ఉండేవాడు, మడి నిండి పొర్లిపోయేది. 24 గంటల కరెంటు ఇచ్చే ముందు వాటిని తీసేయమని ప్రభుత్వమే చెప్పింది. నేను తీసేసిన. కొందరు ఇంకా తీయలేదు. ఉచిత కరెంటు లేకపోతే నా లాంటోడు సేద్యం చేయలేడు, అది వద్దని నేను అనను. కానీ బిల్లు రాకపోయేసరికి నీళ్ళు ఎంత పోతున్నయో చూసే అలవాటు పోయింది. ఇది ఒప్పుకోవాలె.

టీచరమ్మ_నల్గొండ

లోతు గురించి అందరూ ఖర్చు లెక్కే చూస్తున్నారు. నేను ఇంకోటి చెప్తాను. మర్రిగూడ వైపు బడిలో పదకొండేళ్ళు పని చేశాను. అక్కడి నేల రాతిలోనే ఫ్లోరైడ్ ఉంది. నీళ్ళు రాతిలో ఎంతకాలం నిలిస్తే అంత ఫ్లోరైడ్ కలుస్తుంది. లోతు బోర్ల నీళ్ళలో అది ఎక్కువ. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు.

నా తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. బ్లాక్‌బోర్డు మీద రాయమంటే చెయ్యి భుజం కంటే పైకి లేచేది కాదు. బోర్డు కింది అంచున, చిన్న చిన్న అక్షరాలతో రాసేవాడు. నేను బోర్డు దింపించి కింద గోడకు ఆనించి పెట్టించాను. వాడి పళ్ళు గోధుమ రంగు చారలు. వాళ్ళ నాయనమ్మ నడుము వంగిపోయి నేల చూస్తూ నడిచేది.

ఇప్పుడు నది నీళ్ళు నల్లాల్లో వస్తున్నాయి, కొత్త పిల్లల్లో ఆ బాధ తగ్గింది. కానీ కదిరి బాబూ, వెయ్యి అడుగుల నీళ్ళు పడినా పరీక్ష చేయించకుండా ఇంట్లో చిన్నపిల్లలకు తాగనివ్వకండి.

పాతచెరువు

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర ఒక శాసనం ఉంది. 1369లో, విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు వేయించాడు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలని అందులో చెక్కించాడు. ఆరువందల యాభై ఏళ్ళు దాటినా ఆ చెరువు ఇంకా ఉంది. నేను చిన్నప్పుడు మా తాత వెంట వెళ్ళి చూశాను.

మా ఊరి చెరువు మాత్రం ఇప్పుడు కంప చెట్లతో నిండిపోయింది. వాగు నుంచి చెరువులోకి వచ్చే కాలువ మీద ఇళ్ళు వచ్చాయి. చెరువు నిండిన ఏడు చుట్టుపక్కల బావుల్లో నీళ్ళు చేతికందేవి అని తాత అనేవాడు. బోరు రాగానే చెరువు ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. తెలంగాణలో 2015 నుంచి మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీశారు, చాలా ఊళ్ళకు మేలు జరిగింది. కానీ పూడిక తీస్తే చాలదు, నీళ్ళొచ్చే దారి కూడా తెరవాలి.

నీటిలెక్క_పాలమూరు

ఇన్ని రోజులూ చదువుతూ ఉన్నా. ఇక రాయకుండా ఉండలేకపోతున్నా.

ఇరవై ఏళ్ళ కింద మా ఊళ్ళో ఒక ప్రాజెక్టు నడిచింది. పేరు పెద్దది, మేం నీటి లెక్క అనేవాళ్ళం. నెదర్లాండ్స్ డబ్బు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయం. అనంతపురం, కడప, కర్నూలు, చిత్తూరు, ప్రకాశం, నల్గొండ, మహబూబ్‌నగర్, ఏడు జిల్లాల్లో ఆరువందలకు పైగా పల్లెల్లో నడిచింది. నేను మా ఊళ్ళో కొలతలు రాసే మనిషిని. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు, పదో తరగతి ఫెయిలు.

ఏం చేసేవాళ్ళమంటే, ఒకరి ఇంటి ముందు వాన కొలిచే డబ్బా. వాన పడిన మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకు చూసి రాయాలి. పదిహేను రోజులకొకసారి కొన్ని బోర్లలో నీటిమట్టం. నెలకొకసారి డ్రమ్ము పెట్టి, గడియారం చూసి, ఎంతసేపట్లో నిండుతుందో కొలవడం. అదంతా ఊరి మధ్య గోడ మీద రంగుతో రాసేవాళ్ళం. దసరా అయ్యాక, రబీకి ముందు, ఊరంతా కూర్చునేది. భూమిలోకి ఇన్ని నీళ్ళు చేరాయి, అందరూ అనుకున్న పంటలు పెడితే ఇన్ని కావాలి, లోటు ఇంత అని అంకెలు చదివేవాళ్ళం.

ఎవరినీ వరి పెట్టొద్దని ఎవరూ అనలేదు. జరిమానా లేదు. మొదటి ఏడు నవ్వారు. రెండో ఏడు ఫిబ్రవరిలో బోర్లు ఆగిపోయి పంట ఎండింది, గోడ మీది అంకె నిజమైంది. మూడో ఏడు మా పెదనాయన తనంతట తానే లేచి "నేను ఈసారి ఎకరం వరి, మిగతాది శనక్కాయ" అన్నాడు. ఆయన అన్నాక ఇంకో ఆరుగురు అన్నారు. యాసంగి అన్నా, నువ్వడిగిన దానికి నా దగ్గరున్న జవాబు ఇదే. పక్కాయన ఏం పెడుతున్నాడో, ఎంత తోడుతున్నాడో నీకు తెలిసి, నీది ఆయనకు తెలిస్తే, ఆ భయం సగం పోతుంది.

ప్రాజెక్టు అయిపోయింది. జీతం లేకుండా నేను ఇంకో రెండేళ్ళు రాశాను. తర్వాత పెళ్ళి, హైదరాబాద్‌లో పని. గోడకు ఎవరో సున్నం వేశారు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధ.

యాసంగి_రైతు

అన్నా, ఆ వాన డబ్బా ఎట్లుంటది? మనమే చేసుకోవచ్చా?

నీటిలెక్క_పాలమూరు

చేసుకోవచ్చు. పైనుంచి కిందికి ఒకే వెడల్పు ఉన్న డబ్బా ఏదైనా సరే. చెట్టు, గోడ దగ్గర లేకుండా బయలులో పెట్టాలి. వాన ఆగాక లోపల స్కేలు పెడితే ఎన్ని మిల్లీమీటర్లు ఉంటే అంత వాన.

కదిరి తమ్ముడూ, నువ్వు ఊరెళ్తే ఆ ఎండిన నాలుగో బోరులో తాడు వేసి చూడు. మోటారున్న బోరులో వేయొద్దు, కేబులుకు చుట్టుకుంటుంది. తాడు చివర చిన్న ఇనుప గిన్నె బోర్లా కట్టు. నీటికి తగలగానే టప్ మని వినిపిస్తుంది. పొద్దున్నే, చుట్టుపక్కల మోటార్లు వేయకముందు కొలవాలి.

కదిరి_కుర్రాడు

మూడు వారాల తర్వాత రాస్తున్నా. ఊరెళ్ళి వచ్చాను.

తాడు వేశాం. 700 అడుగుల దుమ్ము బోరు అన్నాను కదా, అందులో 412 అడుగుల దగ్గర టప్ మంది. చుట్టుపక్కల నుంచి ఇన్నేళ్ళలో ఊరిన నీళ్ళేమో. నాన్న తాడు పట్టుకుని మూడుసార్లు దించి విన్నాడు.

తర్వాత ఐదో బోరు కింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఫోన్లో టైం చూశాం. నాలుగు నిమిషాలకు నిండింది. నిమిషానికి యాభై లీటర్లు. ఇరవై నిమిషాలు పోసి గంట ఆగితే, తొమ్మిది గంటల కరెంటులో ఏడుసార్లు వస్తుంది. రోజుకు ఏడు వేల లీటర్లు. వేసవిలో కాపు చెట్టుకు రోజుకు వంద లీటర్లు కావాలి. మా తోటలో 220 చెట్లున్నాయి. నీళ్ళున్నది డెబ్బైకి.

ఈ లెక్క నేను కాగితం మీద వేసి చూపిస్తే నాన్న ఏమీ అనలేదు. సాయంత్రం సున్నం డబ్బా పట్టుకుని తోటలోకి వెళ్ళాడు. మంచి చెట్లు ఏరుకుంటూ మొదళ్ళకు గుర్తు పెట్టాడు. చీకటి పడేదాకా తిరిగాడు. డెబ్బై మూడు చెట్లకు పెట్టి వచ్చాడు. "మూడు ఎక్కువయ్యాయి, ఏది తీయాలో తెలీలేదు" అన్నాడు.

లోను సంగతి ప్రస్తుతానికి ఆగింది. మిగతా చోట కొర్ర, కంది వేద్దామంటున్నాడు. పక్క చేను మామ డ్రమ్ము అడిగి తీసుకెళ్ళాడు, వాళ్ళ బోరు కూడా కొలుస్తాడట. రాతిపొర గారూ, మా బోరుకూ వాళ్ళ బోరుకూ మధ్య దూరం నూట ఇరవై అడుగులే. ఒకటి ఆపి రెండోది నడిపితే మట్టం ఎంత మారుతుందో చూడాలంటే ఎన్ని గంటలు ఆపాలి?